పొద్దుపొడుపు దేవుడికి ఒక వీరుల దళం: మీ కథలో, మీ ఆటలో ఎలా కట్టుకోవాలి

ఫాంటసీ కథ రాస్తున్నా, నలుగురు ఫ్రెండ్స్‌ని చుట్టూ కూర్చోబెట్టుకుని పాచికలతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆట (ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్రగా ఆడతారు) నడిపిస్తున్నా, ఎప్పుడో ఒకప్పుడు మీకు దేవుడి పేరున ప్రమాణం చేసిన యోధులు కావాల్సి వస్తుంది. ఆ దేవుడు పొద్దుపొడుపు దేవుడైతే చాలామంది మొదట చేసేది ఒకటే: తెల్లటి కవచం, ఛాతీ మీద బంగారు సూర్యుడు, చేతిలో వెలిగే కత్తి. శ్రీకాకుళంలో మేం ఆదివారాలు ఆడుకునే గుంపు కోసం నేనూ మొదట అదే చేశాను. మూడో వారానికల్లా ఆ దళాన్ని పట్టించుకునేవాళ్లే లేరు. "కత్తి వెలుగుతుంది సరే, వీళ్లు రోజూ లేచి ఏం చేస్తారు?" అని అడిగింది మా గుంపులో ఒకమ్మాయి. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న పట్టుకుని చాలా రోజులు తిరిగి, మొత్తం చెరిపేసి మళ్లీ కట్టాను, ఈసారి నిలబడింది. ఎలా కట్టానో, మీరు ఎలా కట్టుకోవచ్చో వరసగా చెప్తాను. ఒక్క మాట ముందే చెప్పేయాలి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి: ఈ దళానికి అసలు పని వెలుగు వచ్చాక ఉండదు, వెలుగు రాకముందు ఆ ఒక్క గంటలో ఉంటుంది.

అందుకని మొదటి పని, అలారం పెట్టుకుని ఒక తెల్లవారుజాము చూడండి. ఊళ్లో ఉంటే నాగావళి ఒడ్డు చాలు. కుదిరితే కళింగపట్నం వెళ్లండి, శ్రీకాకుళం నుంచి ముప్ఫై కిలోమీటర్ల లోపే, వంశధార సముద్రంలో కలిసేది అక్కడే, తూర్పున కంటికి అడ్డం ఏమీ ఉండదు. మన దగ్గర జూన్ మొదట్లో 5:20 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, జనవరి మధ్యలో అయితే 6:30 దగ్గర పడుతుంది. దానికి గంటన్నర ముందే ఒడ్డున ఉండాలి. నోట్‌బుక్ తీసుకెళ్లండి, ఫోన్ మాత్రం జేబులోంచి తీయకండి, ఒక్కసారి స్క్రీన్ వెలుగు కళ్లలో పడితే మళ్లీ చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది.

అక్కడ కూర్చుని ఏది తర్వాత ఏది వచ్చిందో రాసుకోండి, అంతే. నేను వెళ్లింది ఫిబ్రవరిలో. మొదట వచ్చింది వెలుగు కాదు, చలి. రాత్రంతా చల్లారిన నేల మీద నుంచి గాలి వీపుకి తగులుతూ సముద్రంలోకి పోతోంది. తూర్పున వేగుచుక్క ఒక్కటే గట్టిగా మెరుస్తోంది. తర్వాత వెనక ఊళ్లో ఎక్కడో తొలికోడి. నాకు పది అడుగుల దూరంలో ఒక పెద్దాయన పడవకి ఆనుకుని, మోకాళ్ల మీద వల పరుచుకుని, టార్చ్ నోట్లో పెట్టుకుని తెగిన కన్నులు కడుతున్నాడు. వేళ్లు ఆగట్లేదు. కాసేపటికి టార్చ్ ఆర్పేసి ఒక ముడి కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు, మళ్లీ వెలిగించాడు. ఇంకాసేపటికి మళ్లీ ఆర్పి చూశాడు. మూడోసారి ఆర్పాక ఇక వెలిగించలేదు. "తెల్లారిందా తాతా?" అని అడిగితే వల ఎత్తి చూపించి, "ముడి కనబడతన్నాది కదా, తెల్లారిపోనాది బాబూ" అన్నాడు. సూర్యుడు రావడానికి అప్పటికి ఇంకా అరగంట ఉంది.

నా దళం మొత్తం ఆ ముడిలోంచే పుట్టింది. నా యోధుల మణికట్టుకి ఏడు ముడుల తాడు ఒకటి ఉంటుంది. దీపం లేకుండా ఆ ఏడు ముడులూ కంటితో లెక్కపెట్టగలిగినప్పుడే వాళ్ల కాపలా ముగిసినట్టు. గంటలు కొట్టడం, గడియారాలు చూడటం ఏమీ లేదు. మీరు నా ముడి తీసుకోనక్కర్లేదు, మీ తెల్లవారుజాములో మీకు ఇంకోటి దొరుకుతుంది. పాలవాడి క్యాన్ కావచ్చు, గుడి మెట్లు కడిగే నీళ్ల చప్పుడు కావచ్చు. ఇంట్లో కూర్చుని ఊహిస్తే మాత్రం ఇలాంటిది దొరకదు.

రెండో పని దేవుడు. ఇక్కడ నిదానంగా వెళ్లండి. పొద్దుపొడుపు దేవుడూ సూర్యదేవుడూ ఒకరే అనేసుకుంటే మీ దళం తిరిగి బంగారు సూర్యుడి దగ్గరికే పోతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోనే ఈ తేడా కనిపిస్తుంది. ఆ ఆటకి ఉన్న కల్పిత లోకాల్లో ఒకటైన గ్రేహాక్‌లో పేలోర్ సూర్యదేవుడు. ఫర్గాటెన్ రెల్మ్స్ లోకంలో లతాండర్ ఉదయానికి దేవుడు, పుట్టుకకీ యవ్వనానికీ మళ్లీ మొదలుపెట్టడానికీ దేవుడు, ఆయన్ని మార్నింగ్‌లార్డ్ అంటారు, ఆయన గుడికి ఆర్డర్ ఆఫ్ ది ఆస్టర్ అని యోధుల దళమే ఉంది. మధ్యాహ్నపు సూర్యుడు అన్నీ చూస్తాడు, తీర్పు చెప్తాడు. ఉదయం ఇంకా ఏ తీర్పూ చెప్పలేదు, రాత్రి ఏం జరిగినా ఇంకో రోజు ఇస్తుంది, అంతే. ఈ రెండింటిలో మీ దేవుడు ఏ వైపో ముందే తేల్చుకోండి. శిక్షించే దేవుడి యోధులకీ ఇంకో రోజు ఇచ్చే దేవుడి యోధులకీ ప్రమాణాలు ఒకేలా ఉండవు.

మన దగ్గర దీనికి ఎంత సరుకు ఉందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఋగ్వేదంలో తెల్లవారుజాము దేవత ఉషస్సుకే దాదాపు ఇరవై సూక్తాలున్నాయి. అశ్వినీదేవతలు తెల్లవారకముందే గుర్రాల రథం మీద వచ్చే కవలలు, పైగా వైద్యులు. గుర్రాలతో వచ్చి గాయం మాన్పేవాళ్లు అంటే ఇంకేం కావాలి, మీ దళానికి సగం రూపం అక్కడే వచ్చేసింది. ఇక అరుణుడు. ఈ కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా ఈ పని కోసం ఇంకోసారి చదవండి. కద్రువ పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చేశారు, తన గుడ్లు ఇంకా పగల్లేదని వినత ఆగలేక ఒకటి పగలగొట్టింది. లోపల పిల్లవాడు సగమే తయారయ్యాడు, తొడలు లేవు, అందుకే అనూరుడు. తల్లిని శపించాడు. తర్వాత వెళ్లి సూర్యుడి రథం తోలేవాడయ్యాడు. లోకానికి రోజూ మొదట కనిపించే ఎరుపు ఆయనే. తొందరపాటు వల్ల పూర్తికాకుండా పుట్టినవాడు రోజూ అందరికంటే ముందు వచ్చి వెనక వచ్చేవాడికి దారి చూపిస్తున్నాడు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. మీ దేవుడికి కూడా ఇలాంటి లోటు ఒకటి ఇవ్వండి. నా దేవుడి పేరు వేకువరేడు, ఆయనకి నీడ లేదు, ఎందుకంటే నీడ పడేంత వెలుగు వచ్చేసరికి ఆయన వెళ్లిపోవాలి. తాను తెచ్చిన పగలు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఈ ఒక్క వాక్యం చెప్పాక మా గుంపులో ఆ దేవుడి గురించి ప్రశ్నలు మొదలయ్యాయి.

గుడి కట్టేముందు అరసవల్లి సూర్యదేవాలయం ఒకసారి జాగ్రత్తగా చూడండి. మనం చిన్నప్పట్నుంచి వెళ్తూ ఉంటాం కాబట్టి కళ్లకి అలవాటైపోయి ఉంటుంది. మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో పొద్దున్నే సూర్యకిరణాలు లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాలకి తగులుతాయి, మబ్బు పడితే ఆసారికి లేదు. రెండుసార్లే ఎందుకంటే, పొద్దుపొడిచే చోటు ఏడాది పొడవునా తూర్పు గీత మీద జరుగుతూ ఉంటుంది, మన దగ్గర నిక్కమైన తూర్పుకి ఉత్తరంగా ఒక పాతిక డిగ్రీల దాకా, దక్షిణంగా ఇంకో పాతిక డిగ్రీల దాకా. ఆ రాకపోకల్లో మధ్యనున్న ఏ చోటికైనా ఏటా రెండుసార్లు వస్తుంది. గుడి వాకిలి అలాంటి ఒక చోటికి ఎదురుగా ఉంది.

ఇప్పుడు దీన్ని మీ లోకంలో పెట్టుకోండి. మీ దళం ప్రధాన మఠంలో ఏటా రెండు ఉదయాలు వెలుగు దేవుడి పాదాల దాకా వస్తుంది, కొత్తవాళ్లు ప్రమాణం చేసేది ఆ రెండు రోజుల్లోనే. ఇంతవరకూ పండగ. మరి గుడికి తూర్పున ఎవరో పెద్ద గోదాం కట్టడం మొదలుపెడితే? నేల అతనిది, డబ్బు అతనిది, చట్టం అతని పక్కన ఉంది. మూడో అంతస్తు లేస్తే వెలుగు ఇక లోపలికి రాదు. కత్తులు పట్టుకున్న రెండొందల మంది ఇప్పుడు ఏం చేస్తారు? రాక్షసుడు లేడు, మంత్రగాడు లేడు, ఒక గోడ మాత్రమే. మా ఆటలో ఇది ఐదు వారాలు నడిచింది.

రథసప్తమి నుంచి కూడా తీసుకోండి. ఆ రోజు అరసవల్లిలో అర్ధరాత్రి దాటాకే క్షీరాభిషేకం మొదలవుతుంది, జనం చీకట్లోనే క్యూలో ఉంటారు, నిజరూప దర్శనం కోసం. ఇంట్లో అయితే తల మీద జిల్లేడు ఆకులు పెట్టుకుని స్నానం చేస్తాం, చిక్కుడు ఆకుల మీద పరమాన్నం పెడతాం. గమనించారా, బంగారం ఎక్కడా లేదు. జిల్లేడు దారి పక్కన మొలిచే మొక్క. నా దళంలో పెద్దకి కిరీటం ఉండదు, ప్రమాణం రోజు తల మీద ఏడు ఆకులు పెడతారు, అవి వాడిపోయే లోపు కొత్తవాళ్లందరి పేర్లూ తప్పు లేకుండా చెప్పాలి.

మూడో పని, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది: వీళ్లకి ఉద్యోగం ఇవ్వండి. చరిత్రలో నిజంగా ఉన్న ఇలాంటి దళాలు చాలావరకు ఏదో ఒక పని నుంచే పుట్టాయి. మధ్యయుగపు క్రైస్తవ యోధుల దళాల్లో హాస్పిటలర్లు జెరూసలేంలో యాత్రికుల ఆసుపత్రి నుంచి వచ్చారు, టెంప్లర్లు 1119 ప్రాంతంలో యాత్రికులకి దారిలో కాపలా కాయడానికి వచ్చారు. ఆ తర్వాతే కోటలు, జెండాలు. మీ దళం పని ఏంటి? మన లెక్కలో రాత్రికి నాలుగు జాములు, ఒక్కోటి మూడు గంటలు. మొదటి మూడింటికీ ఊళ్లో ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. నాలుగో జాము ఎవరికీ చెందదు. కాపలావాడు కునుకు తీసేది అప్పుడే, దొంగ వచ్చేది అప్పుడే, జబ్బుమనిషి మంచం పక్కన కూర్చున్నవాళ్లు ఇక ఓపిక లేక తల వాల్చేదీ అప్పుడే. ఆ జాము మీ దళానిది అనుకోండి. ఊరికి ముగ్గురు చొప్పున ఉంటారు. ఒకరు పొలిమేర దగ్గర, ఒకరు పడవలు బయల్దేరే చోట లాంతరుతో, ఒకరు ఆ రాత్రి ఎవరింట్లో జబ్బు ఎక్కువగా ఉందో ఆ ఇంట్లో. వాళ్ల ఊళ్లో ఎవరూ చీకట్లో ఒంటరిగా చనిపోకూడదు, ఇది వాళ్ల మొదటి ప్రమాణం. కత్తి సంగతి ప్రమాణంలో ఆరో వాక్యం దాకా రాదు.

నా దగ్గర ఆడే ఒక అబ్బాయి క్యారెక్టర్ గొప్ప పోరాటయోధుడు, అతణ్ణి మొదటి రాత్రి నేను ఒక ముసలమ్మ మంచం పక్కన కూర్చోబెట్టాను. ఆవిడ మాట్లాడుతూనే ఉంది, పాచికలు వేసే పనే రాలేదు. బయట కుక్కలు మొరుగుతున్నాయి. వెళ్లి చూడాలా, ఆవిడ చెయ్యి పట్టుకునే ఉండాలా? ఆ టెన్షన్ ఏ యుద్ధంలోనూ నేను తేలేకపోయాను.

నాలుగోది నియమాలు. గొప్ప గొప్ప మాటలు రాయకండి: ధర్మం, సత్యం, త్యాగం అని రాస్తే ఎవరికీ ఏమీ గుర్తుండదు. టెంప్లర్ల నియమావళి 1129లో ఫ్రాన్స్‌లోని ట్రువా సభలో ఖాయమైంది, లాటిన్ ప్రతిలో 72 అంశాలు. అందులో తిండి గురించి, బట్టల గురించి, ఒక్కొక్కరికి మూడు గుర్రాలకి మించకూడదని, గిన్నెలు తక్కువ కాబట్టి ఇద్దరిద్దరు కలిసి తినాలని ఉంటుంది. ఆ గిన్నె చాలు, వాళ్ల జీవితం కళ్లకి కట్టడానికి. మీరూ అలాంటివే రాయండి. నా దళంలో కాపలా నుంచి వచ్చినవాళ్లు తినేదాకా మఠంలో ఎవరూ ముద్ద ముట్టకూడదు, పెద్ద అయినా సరే. తినేది చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ, పండగైతే చద్దన్నంలో పెరుగు. నిద్రపోతున్నవాణ్ణి పేరు పెట్టి పిలిచి లేపాలి, తట్టి లేపకూడదు, చీకట్లో చెయ్యి తగిలితే మనిషి భయంతో లేస్తాడు కాబట్టి. గెలిచిన యుద్ధం గురించి సూర్యుడు పైకి వచ్చేదాకా మాట్లాడకూడదు. ప్రమాణం చేసేటప్పుడు ముఖం పడమటికి ఉండాలి.

ఈ చివరిది విని మావాళ్లు ఆగిపోయారు. పొద్దుపొడుపు దేవుడి భక్తులు తూర్పుకి తిరగరా? తిరగరు. చీకటి ఇంకా ఉన్నది పడమట, వాళ్ల కాపలా అటు. దేవుడు వీపు వెనక నుంచి వస్తాడు, వీపు వెచ్చబడితే వచ్చాడని తెలుస్తుంది. యుద్ధంలో కూడా ఇది పనికొస్తుంది, తూర్పు వీపుకి పెట్టుకుని నిలబడితే పొద్దు పొడిచాక వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. నమ్మకం, పద్ధతి, యుద్ధం, మూడూ ఒకే అలవాటులోంచి వస్తే ఆ దళం కల్పించినట్టు ఉండదు. మీ నియమాల్లో ఒక్కటైనా ఇలా కుదిరేదాకా వదలకండి.

పేర్లకి వద్దాం. పలాడిన్, నైట్, క్లెరిక్ అని ఇంగ్లీషు పేర్లే అలాగే పెట్టుకోవచ్చు, ఆట ఆడేవాళ్లకి అర్థమవుతాయి. కానీ తెలుగులో తెల్లవారడానికి ఉన్నన్ని మాటలు ఉండగా వాటిని వదిలేయడం నాకు మనసొప్పదు. వేగు అంటే తెల్లవారడం, వేగు అంటే గూఢచారి కూడా. అంటే మీ దళంలో ముందు వెళ్లి వార్త తెచ్చేవాళ్లకి పేరు తయారుగా ఉంది, వాళ్ల నాయకురాలు వేగుచుక్క. కొత్తగా చేరినవాళ్లు తొలికోళ్లు, అందరినీ లేపే పని వాళ్లదే. రెండేళ్లు దాటితే మలికోళ్లు. ఊళ్లో కాపలా కాసేవాళ్లు జాములవాళ్లు. గుర్రాల మీద వెళ్లి వైద్యం చేసేవాళ్లు అశ్వినులు. ఈ పేర్లు విన్నాక మా గుంపులో ఎవరూ ర్యాంకుల పట్టిక అడగలేదు, పేరు వింటేనే పని తెలిసిపోయింది.

అధికారం ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా ముఖ్యం, దానికి మళ్లీ అరసవల్లికే రండి. మూలవిరాట్టు దగ్గర ఇద్దరు ద్వారపాలకులు ఉన్నారు, పింగళుడు, దండుడు. సూర్యుడి విగ్రహాల్లో సాధారణంగా పింగళుడి చేతిలో కలం, సిరాబుడ్డి ఉంటాయి, దండుడి చేతిలో కర్ర. ఒకడు రాసేవాడు, ఒకడు కొట్టేవాడు. నేను ప్రతి ఠాణాకీ ఇలా ఇద్దర్ని పెట్టాను. పింగళుడు రాసి సంతకం పెట్టనిదే దండుడు కర్ర ఎత్తకూడదు. ఎవరి మీద, ఎందుకు, ఎవరు చూశారు, మూడూ రాయాలి. ఊరు తగలబడుతుంటే రాస్తూ కూర్చోవాలా అని దండుడు అరుస్తాడు. రాయకుండా కొట్టిన రోజున మనకీ వాళ్లకీ తేడా ఏంటని పింగళుడు అడుగుతాడు. ఇద్దరిదీ నిజమే. ఈ ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టి తలుపు వేస్తే కథ దానంతటదే నడుస్తుంది, మీరు చేయాల్సిందల్లా ఇద్దరిలో ఎవరినీ మూర్ఖుడిగా రాయకుండా ఉండటం. అలాగే సూర్యుడి విగ్రహాలు చాలావాటిలో ఉష, ప్రత్యూష అనే ఇద్దరు దేవతలు విల్లు ఎక్కుపెట్టి చీకటిని తరుముతూ కనిపిస్తారు. కాబట్టి మీ దళం ముందు వరసలో విల్లు పట్టిన ఆడవాళ్లు మొదట్నుంచే ఉండాలి, ఎవరో ఒక రాణి అనుమతి ఇచ్చాక వచ్చినట్టు రాయకండి.

కవచం, జెండా గురించి రెండు మాటలు చాలు. తెలుపు వద్దు, చీకట్లో కాపలా కాసేవాడు తెల్లగా ఉంటే దూరం నుంచే కనిపిస్తాడు. బూడిద రంగు పైన, లోపలి వైపు ఎర్ర గుడ్డ, పొద్దు పొడిచాక తిరగేసి వేసుకుంటారు. అంతే.

ఇప్పుడు లోపం. లోపం లేని పవిత్ర దళం బొమ్మల కొలువే. పొద్దుపొడుపు దళానికి సహజంగా వచ్చే జబ్బు తొందర, వినత చేసిన తప్పే. ఇంకా తెల్లారకుండానే తెల్లారిందని ప్రకటించేయడం. ఒక నాయకుడు మంచి మనసుతోనే, జనం ఇక ఓర్చుకోలేరని, యుద్ధం అయిపోయిందని చెప్పి కాపలా ఎత్తేస్తాడు. అప్పటికి ముడులు ఇంకా కనిపించట్లేదు. ఇక్కడ చెడ్డవాడు ఎవరూ లేరు, అయినా ఊరు పోతుంది.

రెండో జబ్బు దొంగ వెలుగు. మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా. పిల్లలు ఇసకలోంచి బయటికి వచ్చి ఎటు వెలుతురు ఎక్కువ ఉంటే అటు పాకుతాయి, ఎన్నో వేల ఏళ్లుగా ఆ వెలుతురు సముద్రం మీది ఆకాశమే. ఇప్పుడు ఒడ్డున పెద్ద దీపం ఉంటే అటు వెళ్లిపోతాయి. ఒకసారి అలా రోడ్డు వైపు పాకుతున్న పిల్లని చేత్తో పట్టుకున్నాను, రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దది, అరచేతిలో కూడా అది ఈదుతూనే ఉంది, దీపం వైపే. దాని నమ్మకంలో లోపం లేదు, దీపం అక్కడ ఉండకూడదు, అంతే. మీ దళానికి శత్రువు కావాలంటే చీకటి దేవుణ్ణి పెట్టకండి, అర్ధరాత్రి తూర్పున ఇంకో వెలుగు పెట్టగలిగేవాణ్ణి పెట్టండి. భక్తులు వాళ్లంతట వాళ్లే అటు నడుస్తారు.

ఇక మూడోది డబ్బు, పగ. ఫ్రాన్స్‌లో టెంప్లర్లని అరెస్టు చేసింది 1307 అక్టోబరు 13న, అది కూడా తెల్లవారుజామునే. రాజు నాలుగో ఫిలిప్ వాళ్లకి బాకీ ఉన్నాడు. 1312లో పోప్ ఆ దళాన్నే రద్దు చేశాడు. మీ దళం దగ్గర ఎవరెవరు అప్పు తీసుకున్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎప్పటికైనా అవసరం పడుతుంది. పగ గురించి మన ప్రాంతంలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది, తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయరామరాజు డేరాలోకి దూరి చంపాడు. అటు విజయనగరంలోనూ ఇటు బొబ్బిలిలోనూ ఆ కథని గౌరవంగానే చెప్పుకుంటారు, నేనూ అలాగే తీసుకుంటాను. నేను అడిగేది మీ దళం గురించి: తన వాళ్లందరినీ పోగొట్టుకున్న ఒక యోధుడు, చీకట్లో ఎవరినీ నిద్రలో చంపనని ప్రమాణం చేసినవాడు, శత్రువు డేరా బయట నిలబడ్డాడు, తెల్లవారితే డేరా చుట్టూ సైన్యం లేస్తుంది. లోపలికి వెళ్తాడా? మీకు జవాబు తెలియనక్కర్లేదు. ఆడేవాళ్లలో ఒకరికి ఆ క్యారెక్టర్ ఇచ్చి మీరు మౌనంగా ఉండండి.

మ్యాప్ వేసేటప్పుడు ఒక కొండ, ఒక నదీముఖం, ఒక దీపస్తంభం పెట్టుకుంటే సరిపోతుంది, కళింగపట్నం నుంచి శాలిహుండం కొండ దాకా ఒకసారి తిరిగొస్తే మూడూ దొరుకుతాయి. ఎత్తు లెక్క మాత్రం వాడుకోండి. మహేంద్రగిరి ఎత్తు దాదాపు 1,500 మీటర్లు, అంత ఎత్తున ఉన్నవాడికి సముద్రం మీద పొద్దు కింద ఉన్నవాడికంటే నాలుగైదు నిమిషాలు ముందే కనిపిస్తుంది. కొండ మీది వేగు కొమ్ము ఊదితే కింద ఉన్న దళానికి నాలుగు నిమిషాలు టైమ్. నాలుగు నిమిషాలు అంటే పోరాటంలో చాలా ఎక్కువ.

చివరిగా మొదటి సీన్. నాలుగో జాములో మొదలుపెట్టండి, అందరూ అలసిపోయి ఉన్నప్పుడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది, ఆ ఆటలో చాలా మంత్రవస్తువుల శక్తి రోజూ తెల్లవారగానే తిరిగి నిండుతుంది. అంటే పొద్దుపొడుపుకి ముందు గంటలో అందరి చేతులూ దాదాపు ఖాళీ. మీ దళం పనిచేసేది సరిగ్గా ఆ గంటలోనే. బల్ల మీద ఏడు ముడుల తాడు పెట్టండి, నిజం తాడే, కొబ్బరి పీచుదైతే మరీ మంచిది. గది దీపం తగ్గించండి. ఆటలో పది నిమిషాలు గడిచినప్పుడల్లా ఒక ముడి విప్పండి, నోటితో ఏమీ చెప్పకండి. నాలుగో ముడి దాటాక మీరు చూస్తారు, అందరి కళ్లూ తాడు మీదే ఉంటాయి.

మా గుంపు రేపు ఆదివారం కళింగపట్నంలో ఆడుతోంది, నాలుగింటికల్లా ఒడ్డున ఉండాలి. ఆ వేళకి ఆటోలు దొరకవు, అందుకని ముందుగానే బండ్లు మాట్లాడుకున్నాం. చాప, మూత బిగువుగా ఉన్న ఫ్లాస్కు, ఎర్ర కాగితం చుట్టిన టార్చ్, గాలికి కాగితాలు ఎగరకుండా రెండు రాళ్లు. పాచికలు వెడల్పాటి పళ్లెంలో వేసుకోండి, ఇసకలో పడితే తెల్లారేదాకా కనిపించవు.